సున్నా తిరుగుతోంది, దయచేసి ఆపకండి

నవంబరు వచ్చిందంటే గుంతకల్లులో రిటైరైన రైల్వేవాళ్లంతా తాము ఇంకా చావలేదని రుజువు చూపించాలి. ముప్పై అయిదేళ్లు రైలింజన్ నడిపిన మనిషైనా సరే, నెట్ సెంటరు కుర్చీలో కూర్చుని, గీతలరిగిన బొటనవేలిని గాజుముక్క మీద నాలుగుసార్లు అదిమితే తప్ప ఆయన బతికున్నట్టు లెక్క కాదు. జీవన్ ప్రమాణ్ పేరుతో 2014 నవంబరులో మొదలైన ఏర్పాటిది. బ్యాంకు మేనేజరు ముందు నిలబడి "నేనే సార్" అనే బాధ తప్పిందని పెద్దాయనలు మురిసిపోయారు. ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి కూడా తెచ్చుకోవచ్చు. కాకపోతే ఆ ఫోను ఎప్పుడూ మనవడి చేతిలో ఉంటుంది. కాబట్టి మళ్లీ నెట్ సెంటరే గతి. అక్కడి కంప్యూటరు లేచి పలికినంత కాలమే పెద్దాయన బతుకు.

2025లో ఈ పరీక్ష మనుషులకంటే ముందు కంప్యూటర్లకు వచ్చింది. అక్టోబరు 14తో విండోస్ 10కి కాలం చెల్లిందని మైక్రోసాఫ్ట్ తేల్చేసింది. 2015 జూలైలో పుట్టింది, పదేళ్లు బతికింది, పోనీయండి. కొత్తది విండోస్ 11, అదీ ఉచితమే. షరతులు మాత్రం కొన్ని ఉన్నాయి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆ తర్వాతిదో కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, సెక్యూర్ బూట్ కావాలి. ఉన్నాయో లేవో చూసి చెప్పడానికి పీసీ హెల్త్ చెక్ అనే డాక్టరుబాబును కూడా కంపెనీయే పంపించింది. గుంతకల్లు నెట్ సెంటర్లలో ఆ బాబు నాడి పట్టే రోగి సాధారణంగా ఇలా ఉంటాడు. ఏడో తరం ఐ5, ఎనిమిది జీబీ ర్యామ్, నిరుడు వేయించిన ఎస్‌ఎస్‌డీ. అడంగళ్లు, వన్‌బీలు తీస్తాడు, ఈఏపీసెట్ దరఖాస్తులు నింపుతాడు, పొద్దున ఉగ్గాణి బజ్జీ వేళకు షాపు తెరిస్తే రాత్రి షట్టరు వేసేదాకా పనిచేస్తాడు. డాక్టరుబాబు ఒక్క చూపు చూసి, ఈ శరీరం విండోస్ 11కి పనికిరాదని చీటీ రాసి ఇస్తాడు.

సరే, రూలంటే రూలే అనుకుందాం. మైక్రోసాఫ్ట్ సొంతంగా అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్నది కూడా ఏడో తరం చిప్పే. 2021 ఆగస్టులో జాబితా సవరించి దానికి మాత్రం సీటిచ్చారు. మన దగ్గర ఎమ్మెల్యే లెటరుతో జరిగే పని అక్కడ చిప్పు నంబరుతో జరిగింది.

ఈ లెక్కన ప్రపంచంలో 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకు పోవచ్చని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023 చివర్లోనే అంచనా కట్టింది. ఆ 24 కోట్లలో ఎక్కువ భాగం చెడిపోయినవి కావు. వాటికి బతికున్నట్టు పత్రం దొరకలేదు, అంతే. కనీసం బొటనవేలు పెట్టి చూపించుకునే అవకాశం కూడా వాటికి లేదు.

ఇంకో ఏడాది బతకనిస్తాం, డబ్బు కట్టండి అని ఒక ఉపకారం కూడా ప్రకటించారు. ఇంట్లో వాడుకునేవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు కావాలంటే 30 డాలర్లు కట్టాలి, లేదా మీ సెట్టింగులను వాళ్ల ఖాతాలోకి పంపాలి, లేదా రివార్డు పాయింట్లు వెయ్యి పోగేయాలి. ఐరోపావాళ్లు వినియోగదారుల హక్కులని గొంతెత్తేసరికి వాళ్లకు ఈ షరతులేమీ లేకుండా ఊరికే ఇచ్చేశారు. నెట్ సెంటరు వ్యాపారం కిందికి వస్తుంది కాబట్టి దానికి వేరే ధర, మొదటి ఏడు ఒక్కో యంత్రానికి 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు. గట్టిగా అరిచినవాడికి ఉచితం, అరవనివాడికి డాలర్లు. అరవడం చేతగాని జిల్లాలో పుట్టడం కూడా హార్డ్‌వేర్ లోపమే కాబోలు.

వస్తువు ఆయుష్షు లెక్కలు గుంతకల్లుకు కొత్త కాదు. రైల్వేలో ప్రతి సామానుకూ కోడల్ లైఫ్ అని ఒకటుంటుంది. డీజిల్ ఇంజనుకు 36 ఏళ్లు, ఐసీఎఫ్ పెట్టెకు 25 ఏళ్లు. పక్కనే గుత్తి షెడ్డులో ఇంజన్లను విప్పి, కడిగి, మళ్లీ బిగించి లైను మీదికి తోలినవాళ్లున్న ప్రాంతమిది. తొమ్మిదేళ్ల కంప్యూటరు ముసలిదైపోయిందని చెబితే అక్కడ పనిచేసిన ఫిట్టరు నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేడు. తొంభైలలో మీటరు గేజిని బ్రాడ్ గేజి చేసినప్పుడు పట్టాలు, పెట్టెలు, ప్లాట్‌ఫారాలు మార్చిన ఖర్చంతా రైల్వేయే పెట్టుకుంది. కొత్త గేజికి తగిన కాళ్లు తెచ్చుకోండని ప్రయాణికులను వెనక్కి పంపలేదు. పైగా రైల్వేలో ఇంజన్ ఫెయిలైతే ఎందుకు ఫెయిలైందో కాగితం మీద పెట్టి ఎవరో ఒకరు సంతకం చేయాలి. డ్రైవరుదా, షెడ్డుదా, సామానుదా అన్నది తేలేదాకా ఫైలు మూయరు. అప్‌గ్రేడ్ అయ్యాక కంప్యూటరు లేవకపోతే సంతకం పెట్టే నాథుడు లేడు. నేరం మొదట కరెంటు మీద పడుతుంది, కరెంటు కాకపోతే దుమ్ము మీద, ఆ రెండూ కాకపోతే "నువ్వే ఏదో నొక్కింటావులేప్పా" అని యజమాని మీద.

అర్హత లేదంటే చేతులు కట్టుకుని కూర్చునే ఊరు కాదులెండి. రూఫస్ అనే ఉచిత సాధనంతో పెన్‌డ్రైవ్ తయారుచేసి, టీపీఎం గేటు పక్కనుంచి కంప్యూటరును దొడ్డిదారిన లోపలికి తోసే కుర్రాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. పాత కోర్ 2 డ్యుయోల్లో కూడా ఇలాగే విండోస్ 11 ఎక్కించారు. నడిచాయి కూడా. అప్పుడు 2024లో 24హెచ్2 అనే కొత్త కూర్పు వచ్చింది. దానికి ప్రాసెసరులో పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ఆదేశాలు తెలిసి ఉండాలి. కోర్ 2 డ్యుయోకు ఆ చదువు లేదు. నిన్నటిదాకా నడిచిన యంత్రం అప్‌గ్రేడ్ అయిన మరుక్షణం లోగో దగ్గర ఆగిపోతుంది. తప్పేమిటో తెర మీద ఒక్క ముక్క రాదు. చదువురాని ప్రాసెసరు తనకేం రాదో మాత్రం ఎలా చెబుతుంది పాపం.

అర్హత ఉన్న యంత్రాలు హాయిగా ఉన్నాయా అంటే అదీ లేదు. వాటికి వేరే మర్యాద.

"ఏమప్పా, ఇంగెంతసేపు?"

"కూచో సామీ, అప్‌డేట్ అయితాంది."

"పొద్దున్నుంచి అదే మాట చెప్తాండావు."

"పొద్దున ముప్పై పర్సెంటు సామీ. ఇప్పుడు ముప్పై ఐదు."

ముప్పై ఐదు దగ్గర కరెంటు పోతుంది. యూపీఎస్ ఒక నిమిషం కీచుమని అరిచి అది కూడా పోతుంది. కరెంటు వచ్చాక సిస్టమ్ ఆన్ అవుతుంది, లోపలికి పోదు. లోగో కింద చిన్న చుక్కలు సున్నా చుట్టి తిరుగుతూ ఉంటాయి. మెకానిక్ వస్తాడు. ముందు పక్కరేకు విప్పి ఎర్రదుమ్మును బ్లోయరుతో కొడతాడు. ర్యామ్ పీకి, దాని బంగారు పళ్లను స్కూలు పిల్లల రబ్బరుతో రుద్ది, తూడ్చి, చటుక్కుమని రెండు వైపులా క్లిప్పులు పడేదాకా నొక్కుతాడు. మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ మారుస్తాడు. ఇవన్నీ చాలాసార్లు పనిచేసే వైద్యాలే, వాటిని చూసి నవ్వేయడానికి లేదు. పనిచేయనప్పుడు ఒక నిట్టూర్పు విడిచి అసలు మంత్రం బయటికి తీస్తాడు. "ఫార్మాట్ కొట్టల్లన్నా." సీ డ్రైవ్‌లో డెస్క్‌టాప్ మీద ఏమున్నాయో అప్పుడు గుర్తొస్తుంది. మూడేళ్ల పెళ్లి పత్రికలు, అను ఫాంట్లు, వాటిని ఇప్పటికీ మోస్తున్న పేజ్‌మేకర్. తయారుచేసిన కంపెనీ 2001లోనే చివరి పెద్ద కూర్పు తెచ్చి చేతులు దులుపుకున్న ఆ పేజ్‌మేకర్ లేకపోతే తెలుగునాట సగం పెళ్లిళ్లకు కార్డులుండవు. దాన్ని కొత్త విండోస్‌లో మళ్లీ కుదురుగా కూర్చోబెట్టడం పెళ్లి చేయడంకంటే కష్టం.

నిజానికి జబ్బు ఎక్కడుందో వెతకడం అంత బ్రహ్మవిద్య కాదు. బటన్ నొక్కగానే మదర్‌బోర్డులోని యూఈఎఫ్ఐ లేచి, డిస్కులో ఒక మూల దాచిన వంద ఎంబీల చిన్న గదిలోంచి బూట్ మేనేజరును పిలుస్తుంది. అది విండోస్ లోడరును, ఆ లోడరు కెర్నెల్‌ను, డ్రైవర్లను లేపుతాయి. అప్‌గ్రేడ్ తర్వాత గొలుసు తెగేది మామూలుగా నాలుగైదు చోట్లే. ఆ చిన్న గదిలో ఫైళ్లు చెడిపోయి ఉండొచ్చు, డిస్కు నడిచే పద్ధతి బయోస్‌లో మారిపోయి ఉండొచ్చు, పాత డ్రైవరు ఒకటి అడ్డం పడి ఉండొచ్చు. అందుకే ఫార్మాట్ కంటే ముందు రికవరీ తెరలోకి పోయి, చివరి అప్‌డేట్‌ను తీసేసి చూడమని తెలిసినవాళ్లు చెబుతారు. మంచి మాట. ఆ తెరలోకి పోయే దారే వినసొంపుగా ఉంటుంది. కంప్యూటరు లేస్తుండగా పవర్ బటన్‌ను పది సెకన్లు అదిమి చంపాలి. అలా రెండు మూడుసార్లు చేస్తే యంత్రానికే తనకు ఒంట్లో బాగాలేదని తెలిసి రికవరీ తెర చూపిస్తుంది. అప్‌డేట్ వేళ తెర మీద ఆపకండి ఆపకండి అని గంటసేపు బతిమాలిన కంపెనీయే, పని చెడ్డాక మూడుసార్లు ఆపి చూడండి అంటోంది. ఈ వైద్యం మా కరెంటువాళ్లు ఏళ్లుగా ఉచితంగా చేస్తున్నారు. వాళ్లకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

రికవరీ తెర వచ్చిందని సంబరపడటానికి కూడా తేదీ చూసుకోవాలి. 2025 అక్టోబరు 14న, విండోస్ 10 పాడె ఎక్కిన రోజునే, విండోస్ 11కు ఒక అప్‌డేట్ వచ్చింది. అది వేసుకున్న యంత్రాల్లో రికవరీ తెర మీద యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పనిచేయడం మానేశాయి. రోగిని ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి డాక్టరు చేతులు కట్టేసినట్టు. అక్టోబరు 20న దానికి విరుగుడు అప్‌డేట్ విడుదలయ్యేదాకా కంపెనీ చెప్పిన ఉపాయాల్లో ఒకటి వింటే ఈ దేశంలో పాత సామాను కొట్లవాళ్లందరికీ దండ వేయాలనిపిస్తుంది. గుండ్రటి పిన్నుల పీఎస్2 కీబోర్డు ఉంటే అది పనిచేస్తుందట. ఎనిమిదో తరం కావాలి, కొత్త చిప్పు కావాలి అని తరిమితరిమి అమ్మించినవాళ్లు చివరకు వెతుక్కోమన్నది తాతలనాటి కీబోర్డును.

2024 జనవరిలో ఇంకో ముచ్చట. రికవరీ గదిని సరిచేయడానికే వచ్చిన ఒక విండోస్ 10 అప్‌డేట్, ఆ గదిలో చోటు చాలక చాలా ఇళ్లలో మొండికేసింది. కంపెనీ చెప్పిన పరిష్కారమేమిటంటే నల్లతెర తెరిచి, ఆదేశాలు టైపు చేసి, డిస్కు భాగాన్ని 250 ఎంబీలు పెంచుకోండి అని. ఇంట్లో పాటలు వినేవాళ్లకు, పిల్లల హాల్‌టికెట్లు తీసేవాళ్లకు చెప్పిన మాట ఇది. ఒక్క అక్షరం తప్పితే డిస్కే పోతుంది. అదే నల్లతెరలో బూట్ ఫైళ్లు బాగుచేసే ఆదేశం కొడితే తరచుగా వచ్చే జవాబు "యాక్సెస్ ఈజ్ డినైడ్". మన సొమ్ముతో కొన్న యంత్రం, మన టేబులు మీదే కూర్చుని, మనకే ప్రవేశం లేదంటుంది.

ఇవన్నీ దాటినా చివరి గేటు దగ్గర 48 అంకెల కీ అడుగుతుంది. డిస్కులోని సమాచారాన్ని గుప్తపరిచే బిట్‌లాకర్ మంచిదే, దొంగ ఎత్తుకుపోయినా లోపలిది చదవలేడు. 24హెచ్2తో కొత్తగా విండోస్ వేస్తే మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి పోగానే అది చాలా యంత్రాల్లో దానంతటదే మొదలైపోతుంది. కీ ఆ ఖాతాలో ఉంటుంది. ఖాతా షాపు కుర్రాడి మెయిలు పేరున ఉంటుంది. ఆ కుర్రాడు బెంగళూరులో ఉంటాడు. పాస్‌వర్డు వాడికీ గుర్తుండదు. దొంగ నుంచి కాపాడిన తాళం ముందుగా యజమానిని బయటపెట్టింది.

ఒక్కటి గమనించారా, ఈ వైద్యాలన్నీ ఒకే వాక్యంతో మొదలవుతాయి. "మీ దగ్గరున్న మరో కంప్యూటరు నుంచి..." మరో కంప్యూటరు నుంచి పెన్‌డ్రైవ్ తయారుచేయండి, మరో కంప్యూటరులో ఖాతా తెరిచి కీ చూడండి, మరో కంప్యూటరులో సలహాలు చదవండి. బువ్వ లేదంటే మరో ఇంట్లో తిని రమ్మన్నట్టుంది. ఊళ్లోవాళ్లందరికీ మరో కంప్యూటరంటే నెట్ సెంటరే. నెట్ సెంటరుకు మరో కంప్యూటరు ఎవరిది?

ఇదంతా చిన్న ఊళ్ల పేదరికం అనుకునేవాళ్లు 2024 జూలై 19ని గుర్తుచేసుకోవాలి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు ఫైలుకు ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర వేసి కూలబడ్డాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు పెన్నుతో రాసిచ్చారు. కోట్ల రూపాయల వ్యవస్థలను లేపడానికి మనుషులు ఒక్కో కంప్యూటరు ముందూ కూర్చుని, సేఫ్ మోడులోకి పోయి, ఆ ఫైలును చేత్తో తీసేయాల్సి వచ్చింది. తన క్లౌడులోని యంత్రాలు కొన్ని 15 సార్ల దాకా రీస్టార్ట్ చేశాక లేచాయని మైక్రోసాఫ్టే చెప్పింది. అంటే మైక్రోసాఫ్ట్ దాకా పోయినా వైద్యం "ఒకసారి ఆపి వేయండి సార్" అన్నదే. మా మెకానిక్ దీనికి రెండు వందలు తీసుకుంటే ఎక్కువన్నారు.

ఇన్ని పాఠాలు నేర్చాక కంపెనీ 2025లో ఒక పెద్ద సంస్కరణ తెచ్చింది. నీలితెర రంగు మార్చి నల్లగా చేసింది, ఏడుపు ముఖం బొమ్మ తీసేసింది. నష్టపోయినవాడి ఏడుపు కనిపించకపోతే నష్టం లేనట్టే అన్న సూత్రం మన కరువు జిల్లాలకు చిన్నప్పటినుంచీ తెలుసు.

లినక్స్ వేసుకోవచ్చు కదా అని వెంటనే అనేవాళ్లుంటారు. వేసుకోవచ్చు, పాత యంత్రాలకు అది నిజంగానే ప్రాణం పోస్తుంది. కానీ వేలిముద్ర యంత్రం తనను నడిపే ఆర్‌డీ సర్వీసు అనే ప్రోగ్రాము కోసం విండోస్‌నే వెతుకుతుంది, అను ఫాంట్లూ అంతే. రెండూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్లకు 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ ఒకటి వచ్చి లినక్స్ తలుపుకే తాళం వేసింది. తెర మీద మాత్రం ఏదో ఘోరం జరిగిందని నిజాయితీగా ఒప్పుకుంది.

గుంతకల్లు ఉన్న అనంతపురం జిల్లాకు ఇందులో ఇంకో చిక్కుంది, ఎవరినీ గట్టిగా తిట్టడానికి వీల్లేదు. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల వాళ్ల నాన్నది మన యల్లనూరు మండలం బుక్కాపురమే. ఆ బి.ఎన్. యుగంధర్ ఐఏఎస్ అధికారిగా గ్రామీణాభివృద్ధికి పేరు మోసినవారు, తర్వాత ప్రణాళికా సంఘం సభ్యుడు. సర్కారు పథకం చిట్టచివరి పల్లెలో చిట్టచివరి మనిషికి అందిందా అని చూడటం ఆయన తరం అధికారుల పని. 2014 ఫిబ్రవరిలో కుమారుడు కుర్చీ ఎక్కినప్పుడు జిల్లా అంతా మావాడే అని చెప్పుకుంది, చెప్పుకోవాలి కూడా. మరి చిట్టచివరి కంప్యూటరు లేచిందో లేదో చూడమని మావాణ్ణి అడిగితే తప్పా?

అడగాల్సిన చోటు ఇంకోటి కూడా ఉంది. పాత కంప్యూటరు చెత్తయితే దాని బాధ్యత తయారుచేసినవాడిదేనని మన ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి చెబుతున్నాయి. డబ్బా చేసినవాడు జవాబు చెప్పాలి, తేదీ రాసి ఆ డబ్బాను చెత్త చేసినవాడికి మాత్రం అందులో జవాబుదారీ లేదు. 2022 డిసెంబరు 24న కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ ప్రారంభించింది. అందులో ఫోన్లు, ట్రాక్టర్లు, వాషింగ్ మెషీన్ల కంపెనీల పేర్ల పక్కన ఆపరేటింగ్ సిస్టమ్‌ల కంపెనీల పేర్లు కూడా రాయాలి. అప్‌గ్రేడ్ తర్వాత యంత్రం లేవకపోతే, పాత స్థితికి తెచ్చి ఇచ్చే ఖర్చు బటన్ చూపించినవాడిదే కావాలి. ఐరోపావాళ్లకు ఊరికే ఇచ్చిన ఆ ఏడాదిని గుంతకల్లుకూ ఊరికే ఇవ్వాలి. అది జరిగేదాకా, షాపు నడుపుకునే అన్నలూ తమ్ముళ్లూ, ఆ 48 అంకెలను కాగితం మీద రాసి గల్లాపెట్టెలో పెట్టుకోండి. పెన్షనర్ల నెల దాటేదాకా అప్‌గ్రేడ్ బటన్ నొక్కకండి.